వ్రాయసగాని వంశం: మిలాన్ నగరంలో రికోర్డి సంగీత ప్రచురణాలయం

కవికి చరిత్ర వ్రాస్తారు, కావ్యానికీ వ్రాస్తారు. ఆ కావ్యాన్ని అచ్చొత్తించి, అమ్మి, దాచి, ఒక్కొక్కప్పుడు దిద్ది, ఒక్కొక్కప్పుడు పాడుచేసి లోకానికి అందించినవానికి చరిత్ర వ్రాయడం అరుదు. పీఠిక చివర ఒక కృతజ్ఞతావాక్యంతో అతని ఋణం తీరిపోతుంది. సాహిత్యంలోనే ఇట్లా ఉంటే సంగీతం మాట చెప్పనక్కరలేదు. కాని పందొమ్మిదవ శతాబ్దంలో ఇటలీ దేశపు సంగీతనాటకం, ఐరోపావారు ఆపెరా అని పిలిచే ఆ ప్రక్రియ, ఏ రూపం పొందినదో, ఎందువల్ల పొందినదో తెలుసుకోదలచినవారు మిలాన్ నగరంలోని ఒక కుటుంబం కథ చదవక తప్పదు. రికోర్డి వంశంవారు నాలుగు తరాలపాటు, 1808 నుండి 1919 వరకు, ఒకే సంగీత ప్రచురణ సంస్థను తమ చేతులలో ఉంచుకొన్నారు. ఆ వంశానికి మూలపురుషుడు కళాపోషకుడు కాడు, ధనికుడు కాడు. ఇతరులు కూర్చిన సంగీతానికి ప్రతులు వ్రాసి పొట్టపోసుకొన్న వ్రాయసగాడు.

జొవాన్ని రికోర్డి 1785లో మిలాన్‌లో జన్మించాడు. వయొలిన్ వాయించడం నేర్చి, ఒక చిన్న తోలుబొమ్మలాటశాల వంటి బొమ్మల నాటకశాలలో వాద్యకారుడుగా కుదురుకొన్నాడు. ఆ జీతం చాలక ప్రతులు వ్రాసే దుకాణం పెట్టాడు. ఆనాటి ఆపెరాకు వ్రాయసగాడు ఎంత అవసరమో ఊహించడం ఈనాడు కష్టం. స్వరకర్త వ్రాసిన మూలప్రతి ఒక్కటే ఉంటుంది. అందులో నలభై యాభై వాద్యాలు, గాయకులు, బృందగానం, అన్నీ ఒకదాని క్రింద ఒకటిగా పేర్చి ఉంటాయి. ప్రతి వాద్యకారునికీ అతని భాగం విడిగా వ్రాసి ఇవ్వాలి. ప్రతి గాయకునికీ అతని పాట వ్రాసి ఇవ్వాలి. ప్రదర్శన నేడో రేపో అనగా రాత్రంతా దీపాల వెలుగున పదిమంది కూర్చొని ఈ పని చేసేవారు. నాటకం జనానికి నచ్చితే మరునాడే అందులోని పాటల ప్రతులకోసం ఇంటింటివారూ వస్తారు. ఏ పాట ఎందరు అడుగుతున్నారో, ఏ స్వరకర్త పేరు పైకి వస్తున్నదో వ్రాయసగానికి తెలిసినంత ముందుగా నాటకశాల యజమానికైనా తెలియదు. జొవాన్ని సంపాదించిన మొదటి మూలధనం ఈ తెలివి.

అదే సంవత్సరాలలో, ఎన్నో వేల మైళ్ళ దూరాన, త్యాగరాజస్వామి తిరువయ్యారులో తెలుగు కీర్తనలు పాడుతుండగా వాలాజాపేట వేంకటరమణ భాగవతులు వాటిని వ్రాసి ఉంచారు. ఆ వ్రాతప్రతులు మధురలోని సౌరాష్ట్ర సభకు చేరినవి. రెండుచోట్లా వ్రాసినవాడు లేకపోతే పాట మిగలదు. ఒకచోట ఆ వ్రాత గురుసేవ అయినది, మరొకచోట వ్యాపారం అయినది. ఏది గొప్పదని తూచడం ఇక్కడ పని కాదు. వ్యాపారమైన వ్రాత ఏయే దారులు తొక్కినదో చూడడమే ప్రస్తుతం.

1807లో జొవాన్ని జర్మనీలోని లైప్‌జిగ్‌కు వెళ్ళాడు. అక్కడి బ్రైట్‌కాఫ్ హెర్టెల్ సంస్థ సంగీత ముద్రణలో ఐరోపాలోనే పేరెన్నిక గన్నది. అక్కడ పని నేర్చుకొని తిరిగి వచ్చి, 1808 జనవరి 16న ఫెలిచె ఫెస్టా అనే చెక్కుడుపనివానితో కలిసి సంస్థ స్థాపించాడు. పొత్తు కొద్ది నెలలకే చెడినది. జొవాన్ని ఒంటరిగా సాగించాడు. మొదటి ప్రచురణలలో గిటారు వాద్యానికి కూర్చిన చిన్న రచనలున్నవి. పెద్ద పేరున్నవారి పెద్ద గ్రంథాలతో ఆరంభించకుండా ఇంట్లో కూర్చుని ఎవరైనా వాయించుకోగలిగిన వాటితో ఆరంభించడం ఆయన లోకజ్ఞానానికి గుర్తు.

ఈ ముద్రణ సంగతి కొంత వివరించి చెప్పాలి. పాశ్చాత్య స్వరలిపి అక్షరాలతో నడవదు. ఐదు గీతల మీద చుక్కలు, తోకలు, వంపులు, విరామచిహ్నాలు. వీటిని సీసపు అక్షరాలవలె కేసులోనుండి ఏరి కూర్చడం సాధ్యమే గాని చూపుకు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. అందుచేత సీసం, తగరం కలిసిన మెత్తని లోహపు పలకమీద చెక్కేవారు. ఐదు కొనలు గల పనిముట్టుతో ఐదు గీతలు ఒక్కసారి లాగి, స్వరపు గుర్తు చివరన ఉన్న ఉక్కు కడ్డీని పలకపై నిలిపి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. అంతా అద్దంలో ప్రతిబింబంవలె తిరగవేసి చెక్కాలి. ఒక్క దెబ్బ తప్పితే వెనుకనుండి కొట్టి ఆ చోటు మళ్ళీ చదును చేయాలి. పలకపై అడుగున ఒక సంఖ్య వేస్తారు. ఆ సంఖ్యలవల్లనే పండితులు ఈనాడు ఏ ప్రచురణ ఎప్పటిదో గుర్తిస్తున్నారు. పలక ఒకసారి తయారైతే, అడిగినప్పుడల్లా అవసరమైనన్ని కాగితాలే తీసుకోవచ్చు. వేలకొద్ది అచ్చువేసి గిడ్డంగిలో పెట్టనక్కరలేదు.

మన స్వరాలకు ఈ తంటా లేదు. స-రి-గ-మలు అక్షరాలే కాబట్టి తెలుగు అచ్చు తెలిసిన ఏ కూర్పరి అయినా వాటిని కూర్చగలడు. చిక్కంతా గమకాల దగ్గర వచ్చినది. 1904లో సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగులిపిలో ఎట్టయాపురం విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో వెలువడినప్పుడు ఆ గమకాలకోసం ప్రత్యేక చిహ్నాలు కల్పించవలసి వచ్చినది. ఆ మహాగ్రంథం వెనుక నిలిచినది ఎట్టయాపుర సంస్థానం. రికోర్డి పలకల వెనుక ఏ సంస్థానమూ లేదు. అక్కడ ఖర్చు భరించినది నాటకశాలకు టిక్కెట్టు కొని వచ్చి, మరునాడు పాట కాగితం కొనుక్కొని, ఇంట్లో పియానో ముందు కూర్చున్న మధ్యతరగతి గృహస్థుడు.

అయినా పాట కాగితాల అమ్మకంతోనే ఆ ఇల్లు అంతటిది కాలేదు. 1814లో జొవాన్ని మిలాన్‌లోని లా స్కాలా నాటకశాలకు అధికార వ్రాయసగాడుగా ఒప్పందం చేసుకొన్నాడు. వ్రాసిపెట్టిన సంగీతాన్ని తాను ప్రకటించుకొనే హక్కును కూడ ఆ ఒప్పందంలోనే సంపాదించాడు. 1825లో ఆ నాటకశాల సంగీత భాండారాన్నే కొన్నాడు. చూచేవారికి అది పాత కాగితాల గుట్ట. ఆడి ముగిసిన నాటకాల ప్రతులకు విలువేమి? జొవాన్ని లెక్క వేరు. గాయకుని పాటను, పియానోకు కుదించిన ప్రతిని ఎవరికైనా అమ్మవచ్చు. సమస్త వాద్యాలతో కూడిన పూర్తి ప్రతిని మాత్రం ఎన్నటికీ అమ్మరాదు. ఏ ఊరి నాటకశాల ఆ నాటకం ఆడదలచినా ఆ ప్రతిని రికోర్డి వద్దనే అద్దెకు తెచ్చుకోవాలి, ఆట ముగియగానే తిరిగి పంపాలి. ఈ ఒక్క నియమంమీద వంశం నిలబడినది. సంగీత ప్రచురణాలయం అంటాము గాని, దాని ఆదాయానికి పట్టుకొమ్మ ప్రచురించకుండా దాచినదే!

ఈ దాపరికం స్వరకర్తకు మేలు చేసినదా, కీడు చేసినదా? ఆ రోజుల స్థితి చూస్తే గాని చెప్పలేము. ఆపెరా వ్రాయించేవాడు ప్రదర్శన నిర్వాహకుడు. స్వరకర్తకు ఒక్కమారు కొంత సొమ్ము ముట్టేది. తరువాత ఆ రచన ఎన్ని ఊళ్ళు తిరిగినా అతనికి కానీ రాదు. వెర్డి మొదటి ఆపెరా ఒబెర్టో 1839లో లా స్కాలాలో ఆడినప్పుడు రికోర్డి ఇచ్చిన క్రయధనంలో సగం నిర్వాహకుడు మెరెల్లికే పోయినది. ఇక దొంగల బెడద వేరు. అచ్చయిన పియానో ప్రతిని ఆధారం చేసుకొని, ఎవడో ఒక కూలి సంగీతకారుని చేత మిగిలిన వాద్యాలన్నీ తోచినట్లు వ్రాయించి, అదే అసలు నాటకమని పక్క రాజ్యంలో ఆడేవారు. ఇటలీ అప్పటికి ఒక దేశం కాదు. ఒక రాజ్యపు శాసనం పొరుగున చెల్లదు. 1840లో ఆస్ట్రియాకు, సార్డీనియా రాజ్యానికి మధ్య గ్రంథస్వామ్యం గురించి సంధి కుదిరినది. ఇటలీలోని ఇతర రాజ్యాలు చాలావరకు అందులో చేరినవి. నేపుల్స్ చేరలేదు, అక్కడ దొంగప్రతుల పంట చాలకాలం పండుతూనే ఉన్నది. కాని సంధి జరిగిన తరువాతనే రచన మీద స్వామ్యం అనేది న్యాయస్థానంలో నిలిచే మాట అయినది.

వెర్డి దానిని వెంటనే పట్టుకొన్నాడు. 1847లో జొవాన్నితో చేసుకొన్న ఏర్పాటులో, తన నాటకంలో ఏ నాటకశాల అయినా ఒక పాట చొప్పించినా, కత్తిరించినా, శ్రుతి మార్చినా వెయ్యి ఫ్రాంకుల జరిమానా చెల్లించాలని పట్టుబట్టాడు. ఆ జరిమానా వసూలు చేయవలసినవాడు ప్రచురణకర్త. క్రమంగా ఒక్కమారు సొమ్ముకు బదులు, అద్దెలలో భాగం స్వరకర్తకు రావడం మొదలైనది. ఇక్కడ తెలుగు రచయిత ఒక్క క్షణం ఆగక తప్పదు. ఒక నవల వ్రాతప్రతిని సర్వహక్కులతో ఏకమొత్తానికి అమ్మి, అది ముద్రణల మీద ముద్రణలు పోతుండగా ఊరక చూచిన రచయితలు మన భాషలో ఒకరూ ఇద్దరూ కారు. అటువంటి విక్రయంతోనే బ్రదుకు ఆరంభించిన వెర్డి తరువాత భూములు కొని, పొలాలు సాగుచేయించి, కోరినప్పుడు మాత్రమే వ్రాసే స్వతంత్రుడు కాగలిగినాడంటే, అందుకు ప్రతిభ ఎంత కారణమో ఆ అద్దెభాగం అంత కారణం.

జొవాన్ని 1853లో మరణించేనాటికి సంస్థ ప్రచురణలు సుమారు 25,000. రొస్సీని, బెల్లీని, డోనిజెట్టి, వెర్డి అందరూ ఆ జాబితాలో ఉన్నారు. ఆయన కుమారుడు టిటో 1811లో జన్మించినవాడు. నేపుల్స్, ఫ్లారెన్సు, రోము, లండను, పారిసు నగరాలలో శాఖలు తెరచినది ఈ తరంలోనే. 1842 నుండి ఆ ఇంటి పక్షాన ఒక సంగీత పత్రిక కూడ నడిచినది. తన సరుకును తానే విమర్శించుకొనే పత్రిక ఎంత నిష్పాక్షికమో చెప్పనక్కరలేదు. ఆ విమర్శల విలువ తక్కువైనా ఆ సంచికలు లేనిదే ఆ యుగపు చరిత్ర వ్రాయలేము. టిటో కాలంలో వెర్డితో స్నేహం అన్నివేళలా చల్లగా సాగలేదు. తన నాటకాలను నాటకశాలలు చీల్చి ఆడుతుంటే సంస్థ కన్ను మూసుకొన్నదని వెర్డి పలుమార్లు మండిపడ్డాడు. 1875 ప్రాంతంలో లెక్కలు తప్పినవని తేలి, రికోర్డివారు నష్టపరిహారం చెల్లించుకోవలసి వచ్చినది. దాచే హక్కు ఒక్కరి చేతిలో ఉన్నప్పుడు లెక్కచూచే కన్ను మరొకరిది కావాలి. 1882లో మిలాన్‌లో ఇటలీ రచయితల సంఘం ఏర్పడినది ఇట్టి అవసరంవల్లనే. దాని స్థాపకులలో వెర్డి ఉన్నాడు, రికోర్డి ఇంటివారూ ఉన్నారు.

మూడవ తరానికి చెందిన జూలియో ఈ కథకు నాయకుడు. 1840లో జన్మించి, 1912లో మరణించాడు. బూర్గ్‌మైన్ అనే మారుపేరుతో తానూ సంగీతం వ్రాసేవాడు. ఆ రచనలు ఎవరికీ గుర్తు లేవు; వాటిని వ్రాసినందువల్ల అబ్బిన చెవి మాత్రం వృథా పోలేదు. 1871లో ఐదా, 1874లో శాంతిగీతం వెలువడిన తరువాత వెర్డి ఆపెరా రచన చాలించుకొన్నట్లే ఉన్నాడు. 1879లో ఒక విందువేళ జూలియో షేక్స్పియరు మాట ఎత్తి, బోయిటో పేరు ఎత్తి, వృద్ధుని మనస్సులో ఒథెల్లో బీజం నాటాడు. తరువాత ఎనిమిదేండ్లు ఆ బీజానికి నీరు పోశాడు. తొందరపెట్టలేదు, మరచిపోనీయలేదు. నల్లని మూరు వీరుని కథ కనుక ఉత్తరాలలో ఆ నాటకానికి చాకొలెట్టు అని రహస్యనామం పెట్టుకొన్నారు. బోయిటో మాట జారినట్లు పత్రికలలో పడి వెర్డి అలిగితే, ఆ అలక తీర్చవలసి వచ్చినది. 1887 ఫిబ్రవరి 5న ఒటెల్లో ఆడినప్పుడు వెర్డికి 73 ఏండ్లు. 1893లో ఫాల్‌స్టాఫ్ వచ్చినది. ఏ ఒప్పందంలోనూ వ్రాయని పని ఇది. కవిచేత వ్రాయించగల ప్రచురణకర్తలు ఏ భాషలోనైనా ఎందరున్నారు?

పుచ్చీని విషయంలో జూలియో పని మరొక తీరు. ప్రతిపక్షమైన సొంజోన్యో సంస్థ పోటీలో బహుమానం దక్కని లె విల్లి అనే చిన్న నాటకం 1884లో ప్రదర్శితమైతే, జూలియో దానిని తీసుకొన్నాడు. 1889లో ఎడ్గార్ దెబ్బతిన్నది. నెలనెలా ఇస్తున్న భృతి ఆపివేయమని భాగస్వాములు పట్టుబట్టినా ఆయన వినలేదు. తరువాత మనోన్ లెస్కో పాఠం తయారైన తీరు మన చలనచిత్ర కవులకు చిరపరిచితంగా తోచవచ్చు: ఐదుగురు కవుల చేతులు మారి, జూలియో చేయి కూడ పడి, చివరకు కవి పేరే లేకుండా అచ్చయినది. 1893 ఫిబ్రవరి 1న టూరిన్‌లో అది గెలిచినది; పెట్టినదంతా అక్కడినుండి తిరిగి రాసాగినది. 1896లో లా బోహేమ్, 1900లో టోస్కా. టోస్కా మూడవ అంకంలోని యుగళగీతం బాగులేదని జూలియో నిష్కర్షగా వ్రాశాడు. పుచ్చీని ఒప్పుకోక తన రచనను సమర్థించుకొన్నాడు. గీతం అట్లాగే ఉన్నది, స్నేహమూ అట్లాగే ఉన్నది.

జూలియో లోపాలు లేనివాడు కాడు. వాగ్నర్ సంగీతమంటే ఆయనకు గిట్టదు. మిలాన్‌లోనే ఉన్న లూకా సంస్థ, అందులోనూ యజమానురాలు జొవానీనా లూకా అనే సమర్థురాలు, వాగ్నర్ నాటకాల ఇటలీ హక్కులు సంపాదించి 1871లో బొలోన్యాలో లోహెన్‌గ్రిన్ ఆడించినది. 1888లో రికోర్డివారు లూకా సంస్థను కొనివేశారు. దానితోపాటు వాగ్నర్ కూడ వచ్చి రికోర్డి బీరువాలలో చేరాడు! ఏండ్ల తరబడి దూషించిన సంగీతానికి అద్దె వసూలు చేసే యోగం జూలియోకు పట్టినది.

నాలుగవ తరం గురించి చెప్పవలసినది కొద్ది. రెండవ టిటోకు ఉత్సాహమున్నది, కవిత్వమున్నది. డనున్‌జియో నాటకాన్ని జాందొనాయికోసం ఆపెరా పాఠంగా మార్చాడు. తాతతండ్రుల ఓర్పు మాత్రం లేదు. పుచ్చీనితో చెడినది. 1917 నాటి లా రోందినే ప్రత్యర్థి సొంజోన్యోకు పోయినది. 1919లో టిటో సంస్థ వదలివెళ్ళాడు. అక్కడినుండి రికోర్డి అనేది సంస్థ పేరే గాని ఇంటివారి పెత్తనం కాదు.

1943 ఆగస్టులో మిలాన్‌మీద పడిన బాంబులు ముద్రణాలయాన్ని ధ్వంసం చేసినవి. స్వహస్తప్రతులను ముందే సురక్షిత స్థలాలకు తరలించి ఉంచినందువల్ల అవి దక్కినవి. దక్కినవి కనుకనే పదిహేనేండ్లకు కొత్త తగాదా పుట్టినది. 1950ల చివర ఆస్ట్రేలియాకు చెందిన డెనిస్ వాన్ అనే సంగీత నిర్వాహకుడు ఆ స్వహస్తప్రతులతో రికోర్డి అచ్చుప్రతులను పోల్చి, వెర్డి రచనలలో వేలకొద్ది భేదాలున్నవని చాటాడు. కొన్ని చెక్కినవాని తప్పులు, కొన్ని దిద్దినవాని దిద్దుబాట్లు, కొన్ని ప్రదర్శనలలో వెర్డియే మార్చినవి. ఏది ఏదో తేల్చడం సులభం కాదు. వాన్ లెక్కలో అతిశయోక్తి ఉన్నదని పలువురు అన్నారు. కాని పాఠభేదాల తగాదా తెలిసిన మన పండితులకు ఇందులోని సంకటం బోధపడుతుంది: మూలమూ వారివద్దనే, ముద్రితమూ వారిదే, ఇక సాక్షి ఎవరు? చివరకు షికాగో విశ్వవిద్యాలయంవారితో కలిసి రికోర్డి సంస్థయే వెర్డి సమగ్ర పరిష్కృత ముద్రణకు పూనుకొన్నది. 1983లో రిగొలెట్టోతో అది ఆరంభమైనది. 1994లో సంస్థ జర్మనీలోని బెర్టెల్స్‌మన్ వర్గానికి అమ్ముడుపోయినది. తరువాత ప్రచురణ హక్కులు మరొకరికి పోయినా, భాండారాన్ని మాత్రం బెర్టెల్స్‌మన్‌వారు వదులుకోలేదు. 2003లో దానిని మిలాన్‌లోని బ్రైడెన్‌సే గ్రంథాలయానికి చేర్చారు. వెర్డి 28 ఆపెరాలలో 23 ఆపెరాల స్వహస్తప్రతులు అందులో ఉన్నవి. పుచ్చీనివి ఒక్కటి తప్ప అన్నీ ఉన్నవి. ఆ లేని ఒక్కటి లా రోందినే.

ఆ భాండారంలోని ఒక ప్రతికి మనతో సంబంధమున్నది. నేపుల్స్ ప్రాంతంవాడైన ఫ్రాంకో అల్ఫానో కాళిదాసు శాకుంతలాన్ని ఆపెరాగా మలచాడు. పాఠం కూడ తానే వ్రాసుకొన్నాడు. శకుంతలా గాథ అనే అర్థం గల పేరుతో అది 1921 డిసెంబరు 10న బొలోన్యాలో ప్రదర్శితమైనది. రికోర్డివారు ప్రకటించారు. పుచ్చీని తురాందోత్ అసంపూర్ణంగా ఉండగా 1924లో మరణించినప్పుడు, ఆ కొరత పూరించే పని అల్ఫానోకు అప్పగించడానికి ఈ ప్రాచ్యకథా రచన ఒక కారణమంటారు. కవి విడిచిన కావ్యాన్ని మరొకరు పూరించడం భారతంతోనే ఆరంభమైన మన సాహిత్యానికి వింత కాదు; అల్ఫానోకు మాత్రం ఆ పనిలో దక్కినది నిందయే ఎక్కువ. 1926 ఏప్రిల్ 25న లా స్కాలాలో తొలిప్రదర్శననాడు పుచ్చీని కలం ఆగినచోటనే టొస్కనీని సంగీతం ఆపివేశాడు. అల్ఫానో వ్రాసిన ముగింపు ఆ రాత్రి వినబడనేలేదు.

అతని స్వంత శకుంతలకు అంతకన్న పెద్ద గండం వచ్చినది. యుద్ధపు బాంబులలో పూర్తి ప్రతి, వాద్యభాగాలు అన్నీ కాలిపోయినవని నమ్మారు. మిగిలినది గాత్రానికి పియానోకు కుదించిన అచ్చుప్రతి ఒక్కటే. వార్ధక్యంలో అల్ఫానో దాని ఆధారంతో వాద్యాలన్నీ మళ్ళీ కూర్చాడు. ముప్పదేండ్ల వెనుకటి తన రచనను తానే అనువదించుకొన్నట్లయినది. 1952లో ఆ రెండవ రూపం శకుంతల అన్న పేరుతో రోములో ఆడినది. 1954లో ఆయన మరణించాడు. అటు పిమ్మట అర్ధశతాబ్దం పాటు లోకానికి తెలిసిన శకుంతల ఈ రెండవదే.

2005లో రోమ్ నాటకశాలవారు ఆ నాటకాన్ని మళ్ళీ ఆడడానికి సన్నాహాలు చేస్తుండగా, రికోర్డి భాండారంలో 1921 నాటి మూలప్రతి బయటపడినది. కాలిపోలేదు, అరలలో ఎక్కడో ఉండిపోయినది. చేప కడుపున ఉంగరం దొరికినట్లు దొరికినదని ఇటలీవారికి తోచినదో లేదో! 2006లో రోములో ఆ మొదటి స్వరాలతోనే నాటకం ఆడారు. అంతకు అరవై మూడేండ్ల ముందు అది కాలిపోయినదని లెక్కవ్రాసుకొన్నదీ, అంతకాలమూ దానిని దాచి ఉంచినదీ ఒకే ఇల్లు.